బసవపున్నారావు గారి ఏడు తరాలు

కూతురి సంబంధం కుదరాలంటే ఏడు తరాల పేర్లు చదివి వినిపించాలని బసవపున్నారావు గారికి ఎవరూ చెప్పలేదు. చదవకుండా ఉండలేకపోయారు, అంతే. మైలవరం నుంచి పెళ్ళిచూపులకు వచ్చిన పెళ్ళికొడుకు తండ్రి పాండురంగారావు గారికి చిన్నరసాలు పెట్టించి, అచ్చు వేయించిన వంశవృక్షం విప్పారు. తండ్రి, తాత, ముత్తాత, అందరూ మగవాళ్ళే. ఆడవాళ్ళు లేకుండా ఇన్ని తరాలు ఎలా పుట్టుకొచ్చాయో ఆ కాగితానికే తెలియాలి.

ఆడవాళ్ళను ఎక్కించకపోవడానికి కారణం ఉంది. ఆయన అమ్మమ్మ సీతమ్మ రెడ్డిగూడెం తోటల్లో కూలికెళ్ళి కాయల గంపలు మోసిన మనిషి. ఈ ముక్క పాండురంగారావు గారి చెవిన పడితే సంబంధం గంగలో కలుస్తుందని వారం రోజులుగా ఆయన గుండె పీచుపీచుమంటోంది.

"విత్తనం మంచిదైతే చాలండి, మట్టిదేముంది," అన్నారు బసవపున్నారావు గారు ధీమాగా.

"ఏం చదువుతున్నావమ్మా?" అని పాండురంగారావు గారు పిల్లనడిగారు.

"ఎమ్మెస్సీ జువాలజీ అండి. మియోసిస్ గురించి చదువుతున్నాను," అంది ప్రమీలారాణి. తండ్రి కళ్ళతో వద్దంటున్నా ఆగలేదు. "బిడ్డ పుట్టడానికి కావలసిన కణాలు తయారయ్యే విభజన అండి అది. మగవాళ్ళకి వయసొచ్చాక మొదలవుతుంది. ఆడపిల్లకైతే తల్లి కడుపులో ఉండగానే. దాన్ని మొదలుపెట్టించే జన్యువుల మీద ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి. నాన్నగారు ఏ అండం నుంచి పుట్టారో, అది మా నానమ్మ ఇంకా వాళ్ళమ్మ కడుపులో ఉన్నప్పటిదన్నమాట."

"పెద్దల ముందు ఏంటా మాటలు," అని బసవపున్నారావు గారు కసిరారు.

తొక్కలూ టెంకలూ ఎత్తుతున్న అచ్చమ్మకు ఎనభై దాటాయి. రెడ్డిగూడెం తోటల్లో ఆమెకంటే పాత కూలి లేదు. పళ్ళెం కింద పెట్టి నడుం నిమురుకుంది.

"పాపగారు చెప్పింది నిజమేనండి బాబుగారూ. సీతమ్మగారు నిండు చూలాలై మాతోపాటు గంప మోసేవారని మా అమ్మ చెప్పేది. ఆవిడ కడుపులో మీ అమ్మగారు. అమ్మగారి కడుపులో మీరు. అయితే మీరూ మాతో కూలికి వచ్చినట్టేనండి."

బసవపున్నారావు గారు వంశవృక్షాన్ని గబగబా చుట్టేశారు.

"ఏంటీ, కూలికా?" అన్నారు పాండురంగారావు గారు మీసం మీద చెయ్యి వేసి.

అచ్చమ్మ ఆయనకేసి ఆప్యాయంగా చూసింది. "తమరిది మైలవరం కదండీ. తమరి అమ్మమ్మగారి పేరేంటి బాబూ?"

పాండురంగారావు గారి చెయ్యి మీసం దిగింది. "అవన్నీ ఇప్పుడెందుకు గాని, ముహూర్తం పెట్టించండి బావగారూ," అన్నారు.