సుద్దముక్క కళ్ళు

బసవయ్యకు చేసిన మేలు గుర్తుండదు. సుత్తి పట్టుకోవడం నేర్పింది భీమారావు. సూపర్‌వైజరయ్యాక, "అంకుల్, సోమవారం నుంచి మీరు రానక్కర్లేదు, ఇప్పుడన్నీ జిగురు హుక్కులే," అన్నది ఆ బసవయ్యే. చాంగీ బిజినెస్ పార్కులో కొత్త సాఫ్ట్‌వేర్ కంపెనీ హాల్లో ఘానా చిత్రకారిణి ఎఫువా వేసిన బొమ్మ తగిలించడం శుక్రవారం భీమారావుకు మిగిలిన ఆఖరి పని.

భీమారావు నిచ్చెన మీద మట్టం చూసుకుంటున్నాడు. గోడలకేసి చూసి చూసి అతని మెడ వెనక్కి వాలిపోయింది. మేకుగుర్తులు పెట్టే సుద్దముక్క చెవి మీద ఉంది. కింద కంప్యూటరు కుర్రాళ్ళు ఫోన్లలో మాట్లాడుకుంటూ నిచ్చెనను స్తంభమనుకుని తప్పుకుపోతున్నారు. పందొమ్మిదేళ్ళలో ఒక్క బొమ్మ వంకరపోలేదు. ఇదీ మచ్చ లేకుండా దాటితే చాలనుకున్నాడు.

బొమ్మలో తొమ్మిదిమంది చేపలమ్మే ఆడవాళ్ళు. ఒంటికి చుట్టుకున్న గుడ్డ మీదా, వెనక గోడ మీదా అవే పసుపు పువ్వులు. మనిషి ఎక్కడ ఆగి గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. మొహాలు నిగనిగలాడే బొగ్గు నలుపు. కళ్ళు మాత్రం లేవు.

"పాపం, పని మిగిలిపోయింది," అనుకున్నాడు. రబ్బరు తోటలో కూలి చేసే అతని తాత మట్టి నూకాలమ్మను చేసి, నిలబెట్టిన చోటే, ఆఖర్న కళ్ళు పెట్టేవాడు. తల్లి మొదటి చూపు మనిషి మీద పడకూడదని ఎదురుగా అద్దం పట్టేవాడు. భీమారావు చివరనున్న గంపావిడకు సుద్దతో రెండు కళ్ళు పెట్టాడు. ఫ్రేముల వెనక చూసుకునే అద్దం కోసం జేబులో చెయ్యి పెట్టేలోపు బసవయ్య బొమ్మకు ఎదురుగా అడ్డమొచ్చాడు.

"ఏం చేశావయ్యా! సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే పో!"

"అయ్యో అంకుల్, డై లాహ్, మీ పనైపోయింది!" అంది రిసెప్షన్ శాంతి.

ఎఫువా వెనకే ఉంది. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"బజారులో వీళ్ళను ఎవరూ చూడరు. అందుకే కళ్ళు పెట్టను," అంది ఇంగ్లీషులో.

"మనం చూడకపోతే ఏమ్మా, వాళ్ళు మనల్ని చూస్తారుగా," అన్నాడు భీమారావు, తనకొచ్చిన ఇంగ్లీషులో. అద్దం సంగతీ చెప్పాడు.

"మరి మిగతా ఎనిమిదిమందికి?"

"భోజనమయ్యాక పెడదామనుకున్నా."

ఆవిడ హాలు అదిరేలా నవ్వింది. "ఆ రెండూ ఉండనీ. మిగతావాళ్ళను నాకొదిలెయ్."

బసవయ్య మొహం తుడుచుకున్నాడు. "అంకుల్, మొదటి చూపు నా మీద పడింది కదా, ఏమవుతుంది?"

"సోమవారం తెలుస్తుందిలే."

నాలుగింటికి నిచ్చెన మడిచి, గంపావిడకు ఎదురుగా కౌంటరు మీద అద్దం నిలబెట్టి, భీమారావు ఎవరికీ చెప్పకుండా ఎక్స్‌పో స్టేషన్లో రైలెక్కాడు. ఆ కొలువులో అతను పోగొట్టుకున్న ఆస్తి అంతా ఆ కౌంటరు మీదే ఉంది. బసవయ్య ముట్టుకోవడానికి భయపడి అక్కడే వదిలేసిన అద్దం, మూడంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడుగు.