చప్పట్లకు ఆరే దీపాలు

శామీర్‌పేట మొత్తానికి చప్పట్లు కొడితే దీపాలు వెలిగే ఇల్లు ఒక్కటే. ఆ ఇంట్లో కాపురం చేసే రోజారాణికి మాత్రం ఆ ముచ్చట ఎత్తితేనే ఒళ్లు మండేది.

మొగుడు నరసింహ ప్లాట్ల వ్యాపారం మొదలుపెట్టిన కొత్తలో, తొంభై తొమ్మిదిలో, పట్నంలో ఎవరింట్లోనో చూసొచ్చి మరీ హాల్లోనూ వాకిట్లోనూ ఆ స్విచ్చిలు పెట్టించాడు. ప్లాటు కొనేవాళ్లను జీపులో ఇంటికి తెచ్చి, వాళ్ల ముందు చప్పట్లు చరిచి, దీపాలు వెలగగానే కాలు మీద కాలు వేసుకునేవాడు. వాళ్లు వెళ్లాక ఆ దీపాలతో వేగాల్సింది రోజారాణి. అత్త బుచ్చమ్మ దోమను చరిస్తే హాలంతా చీకటి. గాలికి తలుపు దబాలున పడితే పట్టపగలు వాకిలంతా వెలుగు. మామూలు స్విచ్చి పెట్టించమంటే, "ఊరంత మనింటి దిక్కే జూస్తాంది, నీకేమో పాత స్విచ్చి గావాల్నా?" అనేవాడు.

అన్నిటికన్నా కడుపు మండింది నిరుడు సద్దుల బతుకమ్మ నాడు. వాడకట్టు ఆడవాళ్లందరినీ ఆమే పిలిచింది. బతుకమ్మల చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొట్టగానే వాకిలి చీకటైంది. మళ్లీ కొడితే వెలిగింది, మళ్లీ ఆరింది. "జర సప్పట్లు లేకుంట ఆడుండ్రి," అని బతిమాలుకోవాల్సి వచ్చింది. చప్పట్లు లేని బతుకమ్మ ఎక్కడైనా ఉందా? పక్కింటి వజ్రమ్మ తన బతుకమ్మను ఎత్తుకుని, "మా వాకిట్ల గుడ్డి బల్బన్న ఉన్నది, నడువుండ్రే," అంది. అందరూ నడిచారు. పిలిచిన రోజారాణి కూడా వాళ్ల వెనకాలే వెళ్లి పరాయి వాకిట్లో ఆడింది. ఆ సిగ్గు ఏడాదంతా ఆమెను తిననివ్వలేదు.

అందుకే ఈసారి తెగేసి చెప్పింది. "ఈ యేడు మనింట్ల ఆట సాగకుంటె, ఇగ ఏ పండుగకూ ఎవ్వరినీ పిలువ. ఈ ఇంట్ల నేను సుట్టమోలె ఉంట."

నరసింహ బెదిరి, సూరారం నుంచి కరెంటు పనిచేసే ఇస్తారిని పిలిపించి రిమోటు స్విచ్చిలు పెట్టించాడు. "గిది కొత్త మాల్. ఇగ సప్పట్ల లొల్లి లేదు," అంటూ రిమోటు ఊపాడు. రోజారాణి నమ్మింది. ఇల్లిల్లూ తిరిగి, వజ్రమ్మతో సహా అందరినీ పిలిచింది.

సద్దుల నాడు పొద్దుగూకే వేళకు నరసింహ రిమోటు నొక్కితే వాకిలి ధగధగలాడింది. బతుకమ్మలు దించారు, పాట ఎత్తుకున్నారు. మొదటి చప్పట్లకే చీకటి. నరసింహ రిమోటు ఎంత నొక్కినా వెలగలేదు.

"పాత స్విచ్చిలు తియ్యలేదా?" రోజారాణి నిలదీసింది.

"మంచిగున్నదాన్ని పారేసుడెందుకని, దాని ఎంబడే కొత్తది కలపమన్న. అది ఆరితె ఇది గూడ పనిజెయ్యదని నాకేమెరుక?"

ఆ ఇంట్లో ఏదీ పారేయరు. ట్రాక్టరు పాత టైర్లు కూడా పెరట్లో పదిలంగా ఉన్నాయి. ఈ సంగతి తెలిసీ అడగనందుకు రోజారాణి తనను తానే తిట్టుకుంది.

వజ్రమ్మ నిరుటిలాగే తన బతుకమ్మను ఎత్తుకోబోయి వంగింది.

"ఆగు అక్కా!" అంది రోజారాణి. మొగుడి వైపు తిరిగి, "జీపు తియ్యుండ్రి. జల్దీ," అంది.

జీపు వాకిలి ముందుకొచ్చింది. హెడ్‌లైట్ల వెలుగు గునుగు పూల మీద, తంగేడు పూల మీద పడింది. చప్పట్లు పడ్డాయి. వెలుగు కదల్లేదు. ఇంకా గట్టిగా పడ్డాయి.

నరసింహ జీపులోంచి తల బయటపెట్టాడు. "బండి బందువెట్టి దిగాల్నా?"

"దిగకుండ్రి. నేను చెప్పినంకనే ఆర్పాలె."

పాట అయిపోయింది. నరసింహ ఆశగా తాళం మీద చెయ్యి వేసి ఆమెకేసి చూశాడు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఒక దీపం తన మాట కోసం ఆగడం రోజారాణికి అదే మొదలు. ఆమె మొగుణ్ని చూసి, తల అడ్డంగా ఊపి, ఇంకో పాట ఎత్తుకుంది.