ముందు చక్రం

ముసలామె నడుము కింద చెయ్యి పెట్టి పక్కకు ఒత్తిగిలజేసి, అతను తడిసిన దుప్పటిని సగం లాగాడు. వేడినీళ్ళలో పిండిన గుడ్డతో వీపు తుడుస్తుంటే ఎముకలు ఒక్కొక్కటీ చేతికి తగిలాయి. లారీ టైర్లు విప్పి విప్పి మొద్దుబారిన వేళ్ళవి. ఇక్కడికొచ్చేసరికి మాత్రం ఎక్కడ నొప్పో వాటికి తెలుస్తుంది.

"ఎవరయ్యా నువ్వు?"

"టైర్ల షాపువాణ్ణమ్మా. రోజూ వచ్చేవాణ్ణే."

"మావాడి సైకిల్లో గాలి కొట్టావా? డ్యూటీకి టైమవుతోంది."

"కొడుతున్నానమ్మా."

వీపు తుడవడం అయ్యాక, గోడవార ఉన్న సైకిలు దగ్గరికెళ్ళి పంపు బిగించాడు. కొన్నేళ్ళ కిందట ఒక రోజు ముందు చక్రం పంక్చరైందని ఆమె కొడుకు దాన్ని ఇంట్లోనే వదిలేసి నడిచి బయల్దేరాడు. పూటుగా తాగి లారీ తోలుతున్న ఇతను మలుపులో అతని మీదికి ఎక్కించేశాడు.

జైలు గేటు బయట ఇతని కోసం నిలబడింది సొంతవాళ్ళు కాదు, ఈ ముసలామె. "నన్ను ప్రభువు ఊరికే క్షమించాడు. నిన్ను క్షమించడానికి నేను నీ దగ్గర ఏం పుచ్చుకుంటానురా?" అంటూ డబ్బా మూత తీసి అన్నం చేతిలో పెట్టింది. ఆ ముద్ద గొంతు దిగాకే ఇతనికి దేవుడున్నాడనిపించింది. మళ్ళీ తాగలేదు. ఆమె మంచాన పడ్డాక ఎవరూ పిలవకుండానే వచ్చి ఈ పని అందుకున్నాడు. పంపు నొక్కినప్పుడల్లా "స్తోత్రం" అనుకునేవాడు. ఒక నొక్కుకు ఒక స్తోత్రం.

ఇప్పుడామెకు మతి నిలవడం లేదు. కాసేపు కొడుకు బతికే ఉంటాడు. కాసేపటికి నిన్ననే పోయినట్టు ఏడుస్తుంది. డబ్బా అన్నం సంగతి మాత్రం పూర్తిగా చెరిగిపోయింది.

"ఆ లారీవాడు దొరికాడా?" అంది ఉన్నట్టుండి.

"దొరికాడమ్మా."

"వాణ్ణి క్షమించనని చెప్పు. నేను చచ్చినా క్షమించను."

పంపు మీద చెయ్యి ఆగిపోయింది.

ఆమె కూతురు భుజానికి సంచి తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అన్నను చంపినవాడితో ముఖం చూసి మాట్లాడదు. కానీ తను పనికి పోవాలంటే తల్లి దగ్గర ఇతను ఉండక తప్పదు. "విన్నావుగా పుణ్యాత్ముడా! ఇంకా ఏ పాపం కడుక్కుందామని వస్తున్నావు?"

ఇదివరకైతే, "కడుక్కోడానికి కాదమ్మా, కడిగేశారు కాబట్టే వస్తున్నా" అనేవాడు. ఇవాళ మిగతా గాలి స్తోత్రం అనుకోకుండానే కొట్టాడు.

షాపులో ఓనరు తుప్పు పట్టిన నట్టుతో కుస్తీ పడుతున్నాడు. "ఏం పాస్టరుగారూ, మీ ప్రభువుతో ఓ మాట చెప్పి దీన్ని ఊడదీయించరాదూ?"

ఇతను నవ్వలేదు. ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి అదిమి పట్టుకున్నాడు. ప్రభువా, నువ్వు క్షమించావన్న మాట నేను విన్నది ఆవిడ నోటనే. ఆవిడే వెనక్కి తీసేసుకుంటే నాకింకేం మిగిలింది? బుడగలు లేచిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఇంకో ట్యూబు అందుకున్నాడు.

సాయంత్రం జావ తాగిస్తూ ఇక ఉండబట్టలేకపోయాడు. ఒక్కసారి, ఇంకొక్కసారి ఆ క్షమించానన్న మాట వింటే చాలు.

"అమ్మా, ఆ లారీవాణ్ణి నేనే."

ఆమె చాలాసేపు చూసింది. చెయ్యెత్తి కొట్టబోయింది. దెబ్బకు బలం చాలక ఆ చెయ్యి అతని చెంప మీదుగా జారి కింద పడింది.

"పో. నా ఇంట్లోంచి పో."

గిన్నె కింద పెట్టి గుమ్మం దాకా వెళ్ళాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆమె గడ్డం మీద జావ కారుతోంది. వచ్చి తుడిచాడు.

"పోతానమ్మా. ఈ కాస్తా తాగు, పోతాను."

ఆమె నోరు తెరిచింది. మింగింది. మళ్ళీ తెరిచింది. ఆ తర్వాతి చెంచాడు లోపలికి దిగకుండా పెదవి చివర నుంచి మెల్లగా బయటికి వచ్చేసింది. అతను తుడిచి, మళ్ళీ తుడిచి, అప్పుడు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

పని నుంచి వచ్చిన కూతురు మంచం పట్టె పట్టుకుని కూలబడింది. ఏడ్చి ఏడ్చి, చివరికి అడిగింది.

"పోయేముందు ఏమన్నా అందా?"

"నన్ను పొమ్మంది."

కూతురు కళ్ళు తుడుచుకుంది. "అయితే పో. ఇక్కడ నీకింకేం పనుంది?"

అతను తలూపాడు. కానీ సైకిలు ముందు చక్రం నేలకు అణిగిపోయి కనిపించింది. అతుకులేసిన పాత ట్యూబు, సాయంత్రం దాకా గాలి ఆగదు. వంగి పంపు బిగించాడు. మొదటి నొక్కుకు ఏడుపే వచ్చింది. తర్వాతి నొక్కుకు, ఆవిడ మళ్ళీ క్షమించాననకపోయినా, ఎక్కడినుంచో ఆ పాత మాట వచ్చింది. "స్తోత్రం."

అతను వెళ్ళిపోయాక గోడవార సైకిలు నిలబడి ఉంది, రెండు చక్రాలూ బిగువుగా, ఎక్కేవాళ్ళెవరూ లేకుండా.