వాదనలో అమ్మ

పెద్దల్లుడు ఒకప్పుడు సైన్యంలో కెప్టెన్. పరాయి సేనలు దేశాన్ని ఆక్రమించాక మొదట చేసిన పని ఆ సైన్యాన్ని రద్దు చేయడం. ఇప్పుడతను ఫ్యాన్లు, మోటార్లు బాగుచేస్తున్నాడు. చిన్నల్లుడు ఇంజనీరు. ఆ పరాయివాళ్ళే పెట్టిన పునర్నిర్మాణ కార్యాలయంలో, వాళ్ళు మూటాముల్లె సర్దుకుని పోయేదాకా పనిచేశాడు. సెలవురోజు వస్తే చాలు, తోడల్లుళ్ళిద్దరూ భోజనాల బల్లకి చెరోవైపు కూర్చుని, దేశం ఎవరివల్ల ఇలా తగలడిందో తేల్చుకునేవారు. ఇంతవరకూ తేలలేదు.

పెద్దల్లుడి భార్య బడిలో లెక్కలు చెప్తుంది. అందరికీ ఆమె టీచరమ్మే. వాళ్ళమ్మ పోయి ఏడాది కావస్తోంది. పక్షవాతం వచ్చిన అమ్మని అంబులెన్సు ఎక్కించారు గానీ, ఆసుపత్రి ఏటికి అవతల ఉంది. యుద్ధంలో కూలిన వంతెన కూలినట్టే ఉంది. బల్లకట్టు కోసం ఒడ్డున ఆగారు. అది వచ్చేసరికి, ఒళ్ళో ఉన్న అమ్మ తల బరువు మారినట్టు టీచరమ్మకి తెలిసింది. ఆరోజు ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టుండేది. ఆ తిమ్మిరితోనే బడికి వెళ్ళింది, పేపర్లు దిద్దింది.

ఇంతలో మునిసిపల్ హాల్లో చర్చ పెట్టారు. పునర్నిర్మాణం ఎందుకు విఫలమైందని. విదేశీ ప్రతినిధులు కూడా వచ్చారు. కెప్టెన్ ఒకవైపు, ఇంజనీరు మరోవైపు. అక్కచెల్లెళ్ళు జనం మధ్యలో కూర్చున్నారు.

కెప్టెన్ మైకు అందుకున్నాడు. "మా సైన్యాన్ని ఇళ్ళకి పంపేశారు. మా వాళ్ళుంటే ఆ వంతెన ఎప్పుడో లేచేది. మా అత్తగారు బతికేవారు."

ఇంజనీరు ఒంటికాలిమీద లేచాడు. "వెనక్కి తగ్గుతూ ఆ వంతెన పేల్చిందెవరు? కట్టడానికి సామాను తెస్తే రాత్రికిరాత్రి ఎత్తుకుపోయిందెవరు? ఆవిడ నాకూ అత్తగారే. ఆవిణ్ణి చంపింది మన చేతకానితనం."

"కాదు. డబ్బంతా మింగిన మీ కాంట్రాక్టర్లు."

హాలు చప్పట్లు కొట్టింది. మొదట ఒకరికి, తర్వాత ఇంకొకరికి.

చెల్లెలు టీచరమ్మ మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, అంబులెన్సులో ఉన్నది నువ్వు. నువ్వు లేచి చెప్పవే."

"ఏం చెప్పను? ఇద్దరూ ఉన్నమాటే అంటున్నారుగా."

బయట వరండాలో టీ ఇస్తుంటే వెళ్ళి తాగింది. చక్కెర ఎక్కువైందని మాత్రం తెలిసింది.

ఆ సాయంత్రం అందరూ టీచరమ్మ ఇంట్లోనే తిన్నారు. చెయ్యి కడుక్కోకముందే మగవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. ఎవరు ఎవరి నోరు మూయించారన్నదే గొడవ.

టీచరమ్మ నెమ్మదిగా అంది: "ఒక్క మాట. ఇకమీద మీ వాదనల్లోకి అమ్మని లాగకండి."

ఇద్దరూ తలొంచుకున్నారు. "తప్పే వదినగారూ," అన్నాడు ఇంజనీరు. కెప్టెన్ తలూపాడు.

మాట నిలబెట్టుకున్నారు. మరుసటి సెలవురోజు కరెంటు గురించి పోట్లాడుకున్నారు, ఆపై మంచినీళ్ళ గురించి. అమ్మ ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు. అక్క వద్దందని చెల్లెలూ ఎత్తలేదు. వారాలు గడిచేకొద్దీ, ఆ ఇంట్లో అలాంటి మనిషే ఎప్పుడూ లేనట్టయింది.

ఒకరోజు కరెంటు గొడవ మధ్యలో టీచరమ్మే అంది: "ఒడ్డున ఆగినప్పుడు అమ్మ నన్నో మాట అడిగింది. నోరు ముద్దముద్దగా ఉంది, సరిగా అర్థం కాలేదు. మళ్ళీ అడిగితే, 'పొయ్యి ఆపావా' అంది."

చెల్లెలు గరిటె గిన్నెలో పెట్టేసింది.

"ఆపానమ్మా అన్నాను. 'అయితే సరే' అంది. అంతే, ఇంకేం అడగలేదు."

కెప్టెన్ ఇంజనీరు వంక చూశాడు. ఇంజనీరు బల్లవంక చూశాడు. ఆ మాట ఎవరి వాదనకీ పనికొచ్చేది కాదు. "అత్తయ్యకి ఎప్పుడూ ఆ పొయ్యి గోలే," అన్నాడు చివరికి కెప్టెన్, గొంతు తగ్గించి.

చెల్లెలు భోరుమంది. టీచరమ్మ ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. తనకీ ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు. లేచి ప్లేట్లు తీసింది.