కాలువ గట్టున వెల్డింగ్ క్లాసు

ప్రభుత్వ పథకాలంటే నాకు ఒళ్లు మంట. ఉక్కు ప్లాంటు పనివాళ్లుండే క్యాంప్ 2 బస్తీలో ఇనుప సామాన్ల కొట్టు నాది. మేకులు, తాళాలు, పైపులు అమ్ముతాను, వెల్డింగ్ మిషన్ అద్దెకిస్తాను. కొట్టు ఎదురుగానే శిక్షణ కేంద్రం ఉంది కాబట్టి దాని భాగోతమంతా కుర్చీలోంచి లేవకుండానే చూశాను. ప్రారంభోత్సవం మాత్రం ముచ్చటగా జరిగింది. రిబ్బన్‌కి కత్తెర నా కొట్టులోంచే పట్టుకెళ్లారు. ఇప్పటిదాకా తిరిగివ్వలేదు.

ఆ కేంద్రంలో ఆడపిల్లలకి కుట్టుపని, బ్యూటీషియన్ కోర్సు నేర్పేవారు. బ్యాచ్ మీద బ్యాచ్ బయటికొచ్చి, మా క్యాంపులో ముఖాలకంటే పార్లర్లు ఎక్కువైపోయాయి. అటు హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీ షెడ్లలో చూస్తే వెల్డర్లు దొరక్క యజమానులు తలలు పట్టుకుంటున్నారు. ఈ సంగతి పైన ఎవరి చెవినో పడ్డట్టుంది, వెల్డింగ్ మిషన్లు పంపారు. మిషన్లు వచ్చాయి కానీ నేర్పే మాస్టరు రాలేదు. ఇచ్చే జీతానికి డిప్లొమా ఉన్నవాడు రాడు, డిప్లొమా లేనివాణ్ణి పెట్టుకోవడానికి రూలు ఒప్పుకోదు. అట్టపెట్టెలు విప్పకుండానే వాటి మీద దుప్పటి కప్పి, ఆ పైన కుట్టు మిషన్ల సామాను సర్దుకున్నారు.

ఒకరోజు సాయంత్రం రజనీకుమారి విసురుగా నా కొట్టుకొచ్చింది. మా వెనక వీధి ఆదిశేషు కూతురు. ఆదిశేషు ప్లాంటులో ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు. ఈ పిల్ల కూడా బ్యూటీషియన్ కోర్సు పాసై, ఏ పార్లర్లోనూ చోటు దొరక్క ఇంట్లో కూర్చుంది.

"మావయ్యా, మార్చి ఆఖరుకల్లా వెల్డింగ్ బ్యాచ్ మొదలవ్వకపోతే ఆ పెట్టెలు వేరే జిల్లాకి పట్టుకెళ్లిపోతారంట. సుచిత్ర మేడమ్ చెప్పింది."

సుచిత్ర అంటే ఆ కేంద్రం నడిపే ఆవిడ. పక్క ఊరు దుర్గ్ మనిషి.

"పట్టుకెళ్లనీ. నీకేటి నష్టం?"

"నాకే నష్టం! హథ్‌ఖోజ్ వెళ్లి అడిగొచ్చాను. సర్టిఫికెట్టుంటే చాలు, ఆడపిల్లైనా తీసుకుంటామన్నారు. నాన్నని ఈ ఠేకేదారు ఎన్నాళ్లుంచుతాడో భరోసా లేదు. ఆ పెట్టెలెళ్లిపోతే నా నౌకరీ కూడా వాటెంటే ఎల్లిపోతాది."

 

నా కొట్టు ముందు ఒక బల్ల ఉంది. సాయంత్రమైతే ప్లాంటులో రిటైరైనవాళ్లందరూ దాని మీద చేరతారు. అక్కడ వాళ్ల మాటల్లో బొగ్గు కాల్చే కోకోవెన్లు, పట్టాలు తీసే రైలు మిల్లు మళ్లీ నడుస్తాయి. వాళ్లలో పెద్దాయన తిరుమలరావు బాబాయ్. విజయనగరం దగ్గరి పల్లె నుంచి వచ్చి ఖలాసీగా, బరువులు మోసే కూలీగా చేరి, చూసి చూసి వెల్డింగ్ నేర్చుకుని, ఆ పనిలోనే రిటైరయ్యాడు. ఆయన అతికిన చోట గోరు పెట్టి గీసినా అతుకు తెలిసేది కాదని మిగతావాళ్లు చెప్తారు. వాళ్లు చెప్పేదాకా ఆగే మనిషి కాదు, ముందు ఆయనే చెప్పేసేవాడు.

రజని నా దగ్గర్నుంచి తిన్నగా వెళ్లి ఆయన ముందు నిలబడింది. "తాతా, నాకు వెల్డింగ్ నేర్పు."

"ఆడపిల్లకి వెల్డింగేటే? ముఖం మాడిపోతాది. ఎల్లి రంగులేసుకో."

"రంగులేయించుకోడానికి ఎవరి ముఖాలూ ఖాళీ లేవు తాతా."

బల్లంతా నవ్వింది. ఆయన మాత్రం నవ్వకుండా పేపర్లో తల దూర్చాడు. ఆ రోజుకి వ్యవహారం అక్కడితో ఆగిపోయింది.

మా కొట్టు ముందు నుంచే కాలువ పోతుంది. తవ్వినవాళ్లు దాని మీద మూతలు వేయడం మరిచారు. ఆగస్టులో తిరుమలరావు బాబాయ్ భార్య జోగమ్మ పిన్ని కూరల సంచితో వస్తూ అందులో పడింది. కాలికి కట్టు కట్టారు. బల్ల మీద అందరూ ప్రభుత్వాన్ని తిట్టారు. నేనైతే బాగా తిట్టాను.

రజని తిట్టలేదు. మర్నాడు స్నేహితురాళ్లు భాగ్యరేఖ, బిందుప్రియలతో కలిసి తుక్కు ఊచలు పోగేసుకొచ్చి, కాలువకి ఊచల మూత చేస్తాం, మిషన్ ఇమ్మని అడిగింది. ఇచ్చాను. అద్దె మాట ఎత్తలేదు. నేనలా ఎత్తకపోవడం గురించి క్యాంపులో కొన్నాళ్లు చెప్పుకున్నారు.

ఫోన్లో వీడియోలు చూసి వెల్డింగ్ నేర్చుకున్నానని అనుకుంటోంది పాపం. సరిగ్గా బల్ల నిండుగా ఉన్న వేళ, బల్ల ఎదుటే మొదలుపెట్టింది. నల్లద్దం ముఖానికి పెట్టుకుని, హోల్డర్‌కి బిగించిన రాడ్డుని ఊచకి ఆనించింది. అతుక్కుపోయింది. లాగి మళ్లీ ఆనించింది, మళ్లీ అతుక్కుపోయింది.

"కరెంటు పెంచాలమ్మా," అన్నాడు కోకోవెన్ల చిట్టిబాబు, ఆగలేక.

"పెంచితే ఊచ కారిపోతాది. తగ్గించాల," అన్నాడు రైలు మిల్లు లక్ష్మీప్రసాద్.

"నువ్వు జన్మలో హోల్డర్ పట్టుకున్నావేటి?"

"నువ్వు పట్టుకున్నావేటి?"

ఉద్యోగమంతా ఇనుము మధ్య గడిపిన మనుషులు. చెడ్డ అతుకు కళ్లెదుట పడుతుంటే వాళ్లు ఊరుకోలేరు. ఆ పిల్ల అది కనిపెట్టే అక్కడ మొదలుపెట్టిందని నాకు తర్వాత అర్థమైంది. తిరుమలరావు బాబాయ్ పేపరు అలాగే పట్టుకునున్నాడు కానీ పేజీ తిరగడం లేదు. కాసేపటికి పేపరు విసిరి లేచాడు.

"ఆపండెహె! పిల్లని చంపేసేలా ఉన్నారు."

నా కొట్టులో కొలబద్ద ఉంటే అందుకున్నాడు. దాంతో రజని మోచేతి మీద తట్టాడు. "దీన్ని డొక్కకి ఆన్చు. ఊపిరి బిగపట్టకు. రాడ్డుని తొయ్యకే, అది కరిగి దానంతటదే దిగుతాది, నువ్వు దానెంట ఎల్లు. అదీ. అదీ!"

వంకర టింకరగా ఒక గీత పడింది. ఆయన సుత్తితో పైన పెచ్చు కట్టిన చిట్టెం కొట్టించి చూసి, "పిడక కొట్టినావు. రేపు రా," అన్నాడు.

ఆ "రేపు రా" ఆరు నెలలు సాగింది. కాలువకి మూతలు ఒక్కొక్కటే పడ్డాయి. కట్టు విప్పాక జోగమ్మ పిన్ని వచ్చి మొదటి మూత మీద నిలబడి, కాలితో గట్టిగా తన్ని చూసి, "పరవాలేదు," అంది. ఆవిడ నోట ఆ మాట రావడమే గొప్ప. తర్వాత విరిగిన గేట్లు, కుంటి మంచాలు, సైకిల్ స్టాండ్లు వీధివీధినా వచ్చిపడ్డాయి. ఇంకొందరు పిల్లలు చేరారు. ముందు వద్దని కేకలేసిన తల్లులే తమ ఇనప కుర్చీలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఏ పథకంలోనూ లేని ఆ క్లాసుని చూస్తుంటే నాకు గర్వంగా ఉండేది, ఆ మాట దాచను. ఒకటి మాత్రం నచ్చేది కాదు. బాబాయ్ ఆ కొలబద్దతో తట్టడమే తప్ప ఒక్కసారైనా హోల్డర్ పట్టుకుని చూపించలేదు. ఎంత పొగరో ఈయనకి అనుకునేవాణ్ణి.

సుచిత్ర మేడమ్ సాయంత్రం కేంద్రానికి తాళం వేసి కాసేపు నిలబడి చూసేది. ఈవిడ గురించి నా అభిప్రాయం మార్చుకోవాల్సి వచ్చింది. రూల్ లేదని చెప్పి ఇంటికి పోవచ్చు, ఎవరూ అడగరు. ఆవిడ ఆ రూళ్లన్నీ వెతికి ఒక దారి పట్టుకుంది. డిప్లొమా లేకపోయినా పని తెలిసినవాళ్లు దుర్గ్‌లో పరీక్ష పాసైతే, తాత్కాలికంగా నేర్పడానికి పెట్టుకోవచ్చట.

"దాదాజీ, మీరొక్కసారి పరీక్షకి కూర్చోండి. మిగతాది నేను చూసుకుంటాను," అంది.

ఆయన ముఖం ఎర్రబడింది. "నాకు పరీక్షా? ప్లాంటులో నేను అతికిన పైపుల్లోంచి ఇప్పటికీ ఆవిరి ఎల్తున్నాది. పోయి వాటిని పరీక్ష చేసుకోమను!"

ఆ తర్వాత కొన్నాళ్లు బల్ల దగ్గరికే రాలేదు. రజని రోజూ వాళ్లింటికెళ్లేది. పరీక్ష ఊసెత్తకుండా జోగమ్మ పిన్నికి కూరలు తరిగిపెట్టి వచ్చేసేదట. చివరికి ఆయనే అన్నాడట: "వస్తాను. కానీ నాతోపాటు నువ్వూ కూర్చోవాల."

"నేనేటి తాతా? నాకు తజుర్బా ఏదీ?"

"కాలువ గట్టున ఇన్నాళ్లూ ఏటి చేసినావు? గాడిద పళ్లు తోమినావేటి?"

ఆరు నెలలు పనిచేసిన అనుభవం ఉందని నేను సంతకం పెట్టిచ్చాను. నా జీవితంలో ప్రభుత్వానికి అంత సంతోషంగా ఏ కాగితమూ ఇవ్వలేదు.

మార్చి నెల మొదట్లో పరీక్ష. ఆయన్ని స్కూటర్ మీద నేనే తీసుకెళ్లాను. రజని బస్సులో వచ్చింది. పరీక్ష పెట్టేవాడు కుర్రాడు, మర్యాదస్తుడు. నిలువుగా బిగించిన రెండు ప్లేట్లు చూపించి, కింది నుంచి పైకి అతకమన్నాడు.

బాబాయ్ నల్లద్దం దించి హోల్డర్ పట్టుకున్నాడు. రాడ్డు ప్లేటు దగ్గరికి వెళ్లేసరికి ఆయన చెయ్యి వణికింది. మామూలు వణుకు కాదు. రాడ్డు కొస కొట్టుకుని టకటకమని చప్పుడైంది. అతుక్కుపోయింది. లాగాడు. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని మళ్లీ ఆనించాడు. అదే చప్పుడు.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగరనుకున్నానే! ఆరు నెలలు ఆ కొలబద్ద ఎందుకు పట్టుకున్నాడో, పరీక్షంటే ఎందుకంత కోపమొచ్చిందో అప్పుడర్థమైంది.

ఆయన హోల్డర్ కింద పెట్టి, అద్దం తీసి, ఆ కుర్రాడితో తన హిందీలో నెమ్మదిగా అన్నాడు. "నా చెయ్యి అయిపోయింది బాబూ. ఫెయిల్ రాసుకో. తర్వాత ఆ పిల్లని పిలువు."

కుర్రాడు తన కుర్చీ తెచ్చి ఆయనకి వేశాడు.

రజని నిలబడిపోయింది, కదలడం లేదు. "ఏటే చూస్తావు?" అని ఆయన కసిరాడు. "మోచెయ్యి డొక్కకి ఆన్చు."

ఆన్చింది. ఆ తర్వాత ఆ గదిలో రాడ్డు కరిగే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. పని అయ్యాక ప్లేటుని ముక్కలుగా కోసి, ఒక ముక్కని యంత్రంలో పెట్టి వంచారు. అతుకు చెడ్డదైతే ఆ వంపులో చీలిక వస్తుంది. ముక్క గుర్రపు నాడాలా వంగింది, చీలిక లేదు. బాబాయ్ దాన్ని తీసుకుని వంపు మీద బొటనవేలితో రాశాడు. మళ్లీ రాశాడు.

"అంచున చిట్టెం సరిగ్గా కొట్టలేదు," అని తిట్టి, కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

సర్టిఫికెట్టు చూసి హథ్‌ఖోజ్ షెడ్డువాళ్లు రజనిని తీసుకున్నారు. పగలు అక్కడ పని, సాయంత్రం ఇక్కడ పాఠం చెప్పేలా సుచిత్ర మేడమ్ మాట్లాడింది. అట్టపెట్టెలు విప్పారు. అంతా కుదిరిందనుకుంటే, పేర్లివ్వాల్సిన ఆఖరి రోజున బిందుప్రియ రాయ్‌పూర్ మాల్‌లో ఉద్యోగం దొరికి వెళ్లిపోయింది. బ్యాచ్‌కి ఒక్కరు తక్కువ. ఒక్కరు తక్కువైతే బ్యాచ్ లేదు, బ్యాచ్ లేకపోతే మిషన్లుండవు. సుచిత్ర మేడమ్ ఇల్లిల్లూ తిరిగొచ్చి మెట్ల మీద కూలబడింది. పక్కన రజని పేర్ల జాబితా మళ్లీ మొదట్నుంచి లెక్కపెడుతోంది. నాకు మళ్లీ ఒళ్లు మండింది. తలకాయలు లెక్కపెట్టడం తప్ప ఈ పథకాలకి ఇంకేం తెలుసని అరుస్తున్నాను.

నా కేకలకి తిరుమలరావు బాబాయ్ బల్ల మీంచి లేచొచ్చాడు.

"ఎవరు చేరొచ్చమ్మా ఇందులో?"

"పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లెవరైనా చేరొచ్చు, దాదాజీ."

"నాకు నిండినాయి," అన్నాడాయన.

సుచిత్ర మేడమ్ ఆయన్ని చూసింది. లోపలికి పరుగెత్తి రూళ్ల కాగితం తెచ్చి కిందా మీదా చదివింది. తక్కువ వయసు రాశారు. ఎక్కువ వయసెంతో రాయడం ఎవరో మరిచిపోయారు. కాలువ మూతలు మరిచిపోయిన దేశంలో ఒక్క మరుపు మాకు పనికొచ్చింది. ఆవిడ పడీపడీ నవ్వుతూ పేరు రాసుకుంది.

మర్నాడు మొదటి క్లాసు. నేను కొట్టు వదిలేసి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. రజని పాత చొక్కా వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని, నల్లద్దం నుదుటి మీదికి ఎత్తుకుని, హాజరు పట్టీ చేత్తో పట్టుకుని ముందు నిలబడింది. ఒక్కో పేరూ పిలుస్తోంది. పిల్లలు కూర్చునే పలుకుతున్నారు. ఆఖరి పేరు దగ్గర ఆగి, పట్టీని ఇంకాస్త దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"తిరుమలరావు," అంది ఎలాగో.

వెనక వరసలోంచి ఆయన లేచి నిలబడ్డాడు. వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, "ప్రెజెంట్ మేడమ్," అన్నాడు.

"తాతా, నువ్వు కూర్చో..."

"తాతేటి? క్లాసులో తాత లేడు," అన్నాడు గట్టిగా. "పాఠం మొదలెట్టు."

రజని ముఖం మీదికి నల్లద్దం దించుకుంది. ఇంకా మిషన్ స్విచ్చి కూడా వేయలేదు.