లాగిన కాళ్ళు

పిల్నామ్ గారి అత్తింట్లో పద్నాలుగు తరాల వంశ పుస్తకం ఉంది. అందులో ఆవిడ పేరు లేదు, పుట్టింటి ఇంటిపేరు ఒక్కటే ఉంది. అయినా మా ఆన్‌డాంగ్ ఊళ్ళో వంశం గురించి ఆవిడలా గొప్పలు పోయేవాళ్ళు ఇంకొకరు లేరు.

ఐదు నెలల మనవణ్ణి మా ఆసుపత్రిలో నేను ఎక్స్‌రేలు తీసే గదికి తెచ్చినప్పుడు కూడా ముందు వచ్చింది ఆవిడ నోరే.

"దీని చేతులు పడిపోనూ! పిల్లాణ్ణి కింద పడేసింది. అదే రాయండి. మావాడు పిల్లాణ్ణి ఉంచుకుని దీన్ని పుట్టింటికి పంపేస్తాడు."

కోడలు డాన్‌బి తలెత్తలేదు. నర్సు అప్పుడే పోలీసులకు పంపే కాగితం తీసింది.

ఫిల్మ్ చూశాను. తొడ ఎముక విరిగింది, నిజమే. కానీ మోకాళ్ళ దగ్గర ఎముకల చివర్లు చిరిగిన గుడ్డ అంచులా ఉన్నాయి. పుర్రెలో ఎముక ఉండాల్సిన చోట సగం ఖాళీ. కింద పడితే ఇలా అవదు. ఇది పుట్టుకతో వచ్చింది.

డాక్టర్ చో రక్తపరీక్ష కాగితంతో వచ్చారు. "ఎముక గట్టిపడటానికి కావాల్సింది వీడి ఒంట్లో దాదాపు లేదు. ఈ జబ్బు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వస్తుంది. అమ్మగారూ, మీ ఇంట్లో చిన్నప్పుడే పళ్ళు ఊడినవాళ్ళున్నారా?"

"మా వంశంలో రోగాలా? పద్నాలుగు తరాలు..."

"అత్తయ్యా, మీకు ఇరవయ్యేడేళ్ళకే కట్టుడు పళ్ళు కదా," అంది డాన్‌బి.

"నోర్ముయ్! అవి కాన్పులకి ఊడాయి. కుదుళ్ళతో సహా వచ్చేశాయి."

పళ్ళు కుదుళ్ళతో సహా ఊడటమే ఈ జబ్బు గుర్తు. నాకు నవ్వొచ్చింది. దాచుకోలేదు.

"వీడి కాళ్ళు ఎవరైనా లాగుతారా?" అన్నారు డాక్టర్.

"నేనే! రోజూ పొద్దున, గుడ్డ మార్చాక. పొడుగ్గా ఎదగొద్దూ? ఇదిగో, ఇలా." గాల్లో లాగి చూపించింది, ఎంత గర్వమో! "ఇవాళ ఎందుకో బిగదీసుకున్నాడు, ఇంకాస్త గట్టిగా..."

చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

నర్సు కాగితం లోపల పెట్టేసింది. "దీనికి ఇంజెక్షన్లున్నాయి. తల్లి వీడి పక్కనే ఉండాలి," అన్నారు డాక్టర్.

డాన్‌బి పిల్లాణ్ణి మెల్లగా ఎత్తుకుంది. "ఇక వీడి ఒంటిమీద చెయ్యి వెయ్యకండి అత్తయ్యా."

ఇల్లెగిరిపోయేలా అరుస్తుందనుకున్నాను. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"నా మొదటిది ఆడపిల్ల. నాలుగు నెలలకి పోయింది. దానికీ పొద్దున్నే లాగేదాన్ని. ఏడ్చేది. మొండిఘటం అనుకున్నా."

డాక్టర్ కలం తీశారు. "పాప పేరు?"

పద్నాలుగు తరాల పేర్లు గడగడా అప్పజెప్పే మనిషి తన చేతులకేసి చూసుకుంది.

"పెట్టలేదు," అంది. "ఆడపిల్లే కదా, తొందరేముందిలే అన్నారు."