వదిన డోనట్లు

ఆసుపత్రి వంటగదిలో ఆమె పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. నాలుగు వందల మంది రోగులకు ఉప్పు తక్కువ, నూనె తక్కువ, రుచి అంతకన్నా తక్కువ తిండి వండిపెట్టడం ఆమె పని. వారంలో ఒక్క శుక్రవారం మాత్రం సిబ్బంది కోసం డోనట్లు చేసేది. ఆ రోజు నర్సులెవరూ సెలవు పెట్టేవారు కాదు. ఎముకల డాక్టరు ఆపరేషను ముగించి, చేతులు కడుక్కుని, తిన్నగా వంటగది కిటికీ దగ్గరికే వచ్చేవాడు. "వంటమ్మా, అడుగున ఒకటేమన్నా మిగిలిందేమో చూడు" అని చంటిపిల్లాడిలా అడిగేవాడు.

ఒక ఏడాది ఆసుపత్రివాళ్ళు తిండి పని మొత్తం బయటి కాంట్రాక్టుకి ఇచ్చేశారు. భోజనాలు ప్లాస్టిక్ మూతలతో లారీలో రావడం మొదలుపెట్టాయి. వంటగదికి తాళం పడింది. సూపరింటెండెంటు ఆమెకి ఒక పూలగుత్తి ఇచ్చి, ఫోటో తీయించి, ఇంటికి పంపాడు.

ఇంట్లో మూడు వారాల పాటు సర్దిన అలమరాలే మళ్ళీ సర్దింది. భర్త సిటీ బస్సు డ్రైవరు, మాట పొదుపు మనిషి. "కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు. కాసేపు కూర్చో" అన్నాడు ఒకరోజు. కూర్చుంది. కూర్చున్నాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అప్పుడు రంగంలోకి దిగింది ఆడపడుచు. భర్త నుంచి ఎప్పుడో విడిపోయి, రెండు వీధుల అవతల ఒంటిగదిలో ఉండేది. మందుల షాపు కౌంటర్లో పదేళ్ళుగా నిలబడుతోంది. దగ్గుమందుకొచ్చినవాడికి దగ్గుమందుతో పాటు దువ్వెన కూడా అంటగట్టగల నోరు.

"వదినా, నీ చేతిలో అంత విద్య పెట్టుకుని అలమరాలు తుడుస్తావేంటి? మనం డోనట్ల షాపు పెడదాం. నువ్వు చెయ్యి, నేను అమ్ముతా."

"నీకేమన్నా మతిపోయిందా? ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికి ఎక్కుతుందా? ఊరంతా ఆ పెద్ద కంపెనీ షాపులే కదే, మూలకొకటి."

"మన బస్టాపు దగ్గర లేదుగా!"

ఆ మాట నిజమే. ఆ వీధిలో ఒక్కటీ లేదు.

బస్టాపు పక్కన గడియారాలు బాగుచేసే ముసలాయన ఖాళీ చేసిన గది ఒకటి దొరికింది. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సినంత గది. డ్రైవరు రెండు ఆదివారాలు కూర్చుని గోడలకి సున్నం వేశాడు. ఆడపడుచు మందుల షాపు మానేసింది. పాత సామాన్లలో ఒక పెద్ద బాణలి, ఒక చెక్కబల్ల కొన్నారు. షాపుకి పేరేం పెట్టాలని వారం రోజులు తర్జనభర్జన పడ్డారుగానీ, చివరికి పేరు దానంతటదే పడింది. ఆడపడుచు పొద్దుటినుంచి "వదినా, జామువి ఆరు! వదినా, చక్కెరవి నాలుగు!" అని అరుస్తూనే ఉండడంతో కొనడానికొచ్చినవాళ్ళూ ఆమెని వదినా అనే పిలవసాగారు. డెబ్బై ఏళ్ళ రిటైరైన టీచరు కూడా "ఏమ్మా వదినా" అనేవాడు. బోర్డు మీద అదే రాయించారు.

వదిన పిండి కలిపి, తడిగుడ్డ కప్పి, నాలుగు గంటలు దాని జోలికి పోయేది కాదు. మధ్యలో ఆడపడుచు గుడ్డ ఎత్తి చూడబోతే చేతిమీద ఒక్కటి వేసేది. "నిద్రపోయే పసిబిడ్డని లేపుతారా ఎవరన్నా?" పొంగిన పిండిని మెల్లగా ఒత్తి, గ్లాసుతో కోసి, నూనెలో వేస్తే అవి ఒక్కొక్కటే ఒళ్ళు విరుచుకుంటూ పైకి తేలేవి. తొమ్మిదిన్నరకల్లా పళ్ళేలు ఖాళీ. కిటికీ ముందు వరస బస్టాపు దాటి పోయేది. బస్సు వచ్చినా ఎక్కకుండా వరసలో నిలబడ్డవాళ్ళని చూసి డ్రైవరు ఇంటికొచ్చి గర్వంగా చెప్పాడు. "ఇవాళ నీ మూలంగా నా బండి ఖాళీగా పోయింది." ఏడెనిమిది నెలలు అలా గడిచాయి. ఆమె జీవితంలో అంత బాగా నిద్రపట్టిన రోజులు అంతకు ముందు లేవు.

ఆ తర్వాత ఎదురుగా ఉన్న బ్యాంకు మూతపడి, దాని అద్దాలకి లోపలినుంచి కాగితాలు అంటించారు. కాగితాల మీద గులాబీరంగులో పెద్ద డోనట్ బొమ్మ, "త్వరలో" అనే మాట.

"రానీ వదినా, మనమేం గాజులు తొడుక్కుని కూర్చోలేదు" అంది ఆడపడుచు. తర్వాత తన చేతులకున్న గాజులు చూసుకుని తనే నవ్వింది.

వాళ్ళు తెరిచిన మొదటి వారం అందరికీ ఉచితం. ఆ వారం వదిన చేసిన పళ్ళేలు మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నాయి. సరే, ఊరికే వస్తే ఎవరు కాదంటారు, వారం పోతే వాళ్ళే తిరిగొస్తారనుకున్నారు. రెండో వారం కొందరు వచ్చారు. మూడో వారానికి ఆ కొందరిలో కొందరు. అక్కడ కూర్చోడానికి మెత్తటి కుర్చీలున్నాయి, చల్లటి గాలి, వేడి కాఫీ, శుభ్రమైన బాత్రూము ఉన్నాయి. పిల్లలకి పుట్టినరోజు టోపీలు ఇస్తారు. రాత్రి పదకొండుదాకా ఎప్పుడు వెళ్ళినా పళ్ళేలు నిండుగా ఉంటాయి.

ఒక సాయంత్రం వదిన తన ఏప్రాను విప్పేసి, తలకి రుమాలు చుట్టుకుని, రోడ్డు దాటి వెళ్ళి ఒకటి కొనుక్కుంది. మూలనున్న కుర్చీలో కూర్చుని తింది. గడ్డిలా ఉంటుందని ఆశపడింది. గడ్డిలా లేదు. బాగానే ఉంది. తనవాటికి సాటి రాదు, అది ఆమెకి నాలుక మీద పెట్టగానే తెలిసింది. కానీ బస్సుకోసం చూస్తూ, ఫోను చూస్తూ, పక్కవాడితో మాట్లాడుతూ తినేవాడికి ఆ తేడా తెలియదు. తెలిసినా దానికోసం ఎండలో నిలబడడు. ఆమెకి ఆ కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు. నిజంగానే మెత్తగా ఉంది.

"ఎలా ఉంది?" అని అడిగింది ఆడపడుచు.

"బాగానే ఉంది."

"చెత్తగా ఉందని చెప్పొచ్చు కదా వదినా! అబద్ధమైనా చెప్పొచ్చు కదా!"

తర్వాత నెలలో ఆ షాపు మేనేజరే కిటికీ దగ్గరికి వచ్చాడు. మెడలో టై, ముప్ఫై కూడా ఉండవు. జాముది ఒకటి, చక్కెరది ఒకటి అడిగి అక్కడే నిలబడి తిన్నాడు. వేళ్ళు నాక్కుని మరో చక్కెరది అడిగాడు. ఆడపడుచు మూతి ముడుచుకునే ఇచ్చింది.

"అమ్మా, ఏమనుకోవద్దు, నిజం చెప్తున్నా. మా దాంట్లో ఇంత రుచి ఉండదండి" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. తర్వాత, అదీ మనస్ఫూర్తిగానే, "ఉండక్కర్లేదు కూడా" అన్నాడు.

"ఎంత పొగరో చూడు!" అంది ఆడపడుచు వాడు వెళ్ళాక. వదినకి అందులో పొగరు కనపడలేదు. దారి అడిగితే చెప్పినట్టు చెప్పాడు. అందుకే ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

ఆడపడుచు ఊరికే కూర్చునే రకం కాదు. "మధ్యాహ్నానికి మన దగ్గర సరుకుండదు వదినా. స్కూలు వదిలే వేళకి పిల్లలంతా అటే పోతున్నారు. రెండో విడత పెడదాం."

"నాలుగు గంటలు పొంగాలే. ఎక్కడినుంచి తేను ఆ నాలుగు గంటలు?"

"కాస్త ఈస్ట్ ఎక్కువెయ్యి. పిండి గిన్నె పొయ్యి పక్కన పెట్టు. అందరూ చేసేదే కదా! నీ మడి నువ్వు కట్టుకుని కూర్చుంటే షాపు ఉంటుందా?"

వారం రోజులు కాదంది. ఎనిమిదో రోజు ఈస్ట్ ఎక్కువ వేసింది. గంటన్నరకే పిండి గిన్నె అంచుల్ని దాటి పొంగింది. కోసేటప్పుడే వేళ్ళకి తేడా తెలిసింది, ఊదిన బుడగలా ఉంది, లోపల సత్తువ లేదు. అయినా వేయించింది. చక్కెర కాస్త దట్టంగా అద్దింది. మూడున్నరకి రిటైరైన టీచరు వచ్చాడు. పొద్దున్నే వచ్చే మనిషి, ఆ రోజు డాక్టరు దగ్గర ఆలస్యమైందట. ఒకటి తీసుకుని బస్టాపు బెంచీ మీద కూర్చున్నాడు. వదిన కిటికీలోంచి చూస్తోంది. ఒక ముక్క కొరికాడు. నమిలాడు. చేతిలోదాన్ని తిప్పి చూశాడు. ఇంకో ముక్క కొరికి, ఆపి, మిగిలిన సగాన్ని కాగితంలో చుట్టి బెంచీ కింద చెత్తబుట్టలో వేశాడు. బస్సెక్కుతూ ఎప్పటిలాగే చెయ్యి ఊపాడు.

ఆయన ఒక్కమాట తిట్టిపోసినా బాగుండేది. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు, దాని ఊసెత్తలేదు. రోజూ ఒకటి కొనేవాడు. తింటున్నాడో లేదో చూడడం ఆమె మానేసింది.

రెండో విడత ఆపేసింది. కానీ ఆ తర్వాత మిగిలినవాళ్ళు కొనే తీరు మారింది. ఆసుపత్రి పాత నర్సు ఒకామె వచ్చి ఆరు కొంటూ, "నీకోసమైనా వస్తుంటాను వంటమ్మా" అంది. ఆమె భుజాన వేలాడే సంచిలోంచి గులాబీరంగు డబ్బా మూల ఒకటి బయటికి కనపడుతోంది. నర్సు అది గమనించి సంచి వెనక్కి జరుపుకుంది. వదిన ఆరుకి బదులు ఏడు కట్టి ఇచ్చింది. ఆమె వెళ్ళాక బాణలి ముందు నిలబడి, "జాలిపడి తింటున్నారే మనవి" అంది.

"జాలైతే ఏంటి, ఆకలైతే ఏంటి? తింటున్నారుగా."

"కాదే. ఆకలి రేపు మళ్ళీ వేస్తుంది."

చలికాలం మధ్యలో ఒక పొద్దున ఆడపడుచు ఆలస్యంగా వచ్చింది. వచ్చి పని అందుకోలేదు, తలుపు దగ్గరే నిలబడింది.

"చెప్పు" అంది వదిన, పిండి మీదనుంచి చెయ్యి తీయకుండా.

"ఆ మేనేజరు నన్ను కౌంటరుకి రమ్మన్నాడు. జీతం, సెలవులు అన్నీ ఉన్నాయి." ఒక్క గుక్కలో చెప్పేసింది. "నీకూ చెప్పమన్నాడు వదినా. నిన్ను లోపల..."

"లోపల ఏం చేస్తారే? అట్టపెట్టెల్లోంచి తీసి వేడిచేస్తారు. దానికి నేనెందుకు?"

"అయితే నేను పోకూడదంటావా?"

పొమ్మనడానికి నోరు రాలేదు, ఉండమనడానికి ముఖం చెల్లలేదు. ఈ షాపు పెట్టమని పోరింది ఆ పిల్లే. దీనికోసం ఉన్న ఉద్యోగం వదులుకున్నదీ ఆ పిల్లే. "గాజులు తీసెయ్. అక్కడ వేసుకోనివ్వరు" అంది చివరికి. ఆడపడుచు గొల్లుమని ఏడ్చింది. వదినకి ఏడుపు రాలేదు. పిండి ఆరిపోతోందని దానిమీద గుడ్డ కప్పింది.

ఒంటిచేత్తో మరో రెండు నెలలు నడిపింది. చేసేదీ అమ్మేదీ తనే కావడంతో నూనెలోవి మాడేవి, కిటికీ దగ్గర మనుషులు విసుక్కునేవారు. రోడ్డుకి అవతల అద్దాల వెనక గులాబీరంగు టోపీ పెట్టుకుని ఆడపడుచు కనపడేది. మొదట్లో ఇటు చూసి చెయ్యి ఊపేది. తర్వాత ఇటు వీపు పెట్టి నిలబడే కౌంటరుకి మారింది. ఒకరోజు డ్రైవరు డ్యూటీ దిగి తిన్నగా షాపుకొచ్చాడు. పళ్ళేల్లో మిగిలినవి చూసి, భార్య ముఖం చూసి, షట్టరు కిందికి లాగాడు. ఆమె అడ్డు చెప్పలేదు. బోర్డు మాత్రం తనే విప్పింది.

కథ అక్కడితో అయిపోతే వదిన కాస్త తేలిగ్గా ఊపిరి తీసుకునేదేమో. పెద్దది చిన్నదాన్ని మింగింది, లోకంలో ఉన్నదే కదా అని సరిపెట్టుకునేది. కానీ ఆమె మూసిన పది నెలలకి ఆ పెద్ద షాపూ మూసేశారు. ఆ వీధిలో అనుకున్నంత గిరాకీ లేదని ఎక్కడో ఎవరో తేల్చారట. ఒక్క రోజులో లారీ వచ్చి కుర్చీలతో సహా ఎత్తుకుపోయింది. ఆడపడుచుకి ఆ పొద్దున ఫోనులో మెసేజి వచ్చింది. మేనేజరుకి కూడా అప్పుడే తెలిసిందట.

అద్దాలకి మళ్ళీ కాగితాలు అంటించారు. ఈసారి వాటి మీద బొమ్మలేమీ లేవు. వదిన షాపున్న గదిలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. బస్టాపులో నిలబడ్డవాళ్ళు ఇప్పుడు ఏమీ తినరు. డోనట్లు లేవే అని ఎవరూ అడిగినట్టు కూడా ఆమె వినలేదు.

ఆదివారం ఆడపడుచు ఇంటికొచ్చింది. ఏడాదిగా గుమ్మం తొక్కని మనిషి, తలవంచుకుని వంటగదిలో పీటమీద కూర్చుంది. కాసేపటికి, అలవాటు చావక, "వదినా, ఇప్పుడు వాళ్ళూ లేరు కదా. మళ్ళీ..." అంది.

"వద్దు" అంది వదిన. విసురుగా అనలేదు. "నా వల్ల కాదే. వాళ్ళు గెలిచి ఉంటే మళ్ళీ పోటీకి దిగేదాన్నేమో. గెలిచిందీ లేదు, ఉన్నదీ లేదు. ఎవరితో దిగను?"

ఆడపడుచు ముందు కాఫీ గ్లాసు పెట్టి తనే మళ్ళీ అంది.

"మా ఫ్యాక్టరీలో మనుషులు కావాలంటున్నారు. సూపర్‌వైజరుకి చెప్పి ఉంచాను. రేపు ఆరింటికి ఫ్యాక్టరీ బస్సొస్తుంది, తయారుగా ఉండు."

వదిన ఆ ఫ్యాక్టరీలో చేరి నాలుగు నెలలైంది. ఊరి బయట, కిటికీల్లేని పొడుగాటి షెడ్డు. పిండి కలపడం నుంచి వేయించడం దాకా మిషన్లే చేస్తాయి. అక్కడ చేసి గడ్డకట్టించిన డోనట్లు పది ఊళ్ళకి, నాలుగు రకాల పేర్లున్న డబ్బాల్లో పోతాయి. మనుషుల పని ఒకటే, బెల్టు మీద పోతున్నవాటిలో ఆకారం తప్పినవాటిని ఏరి తీసేయడం.

సోమవారం పొద్దున ఆడపడుచుకి జుట్టు వల పెట్టి, చేతికి గ్లవ్స్ తొడిగి, తన పక్కనే నిలబెట్టుకుంది. బెల్టు కదిలింది. ఆడపడుచు ఒకదాన్ని పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది తియ్యాలా? బాగానే ఉంది కదా వదినా."

వదిన దానివంక చూసింది. ఒకవైపు కాస్త ఎక్కువ పొంగింది, అంతే.

"తియ్యి, తియ్యి" అంది. "ఆలోచించకు. వెనక చాలా వస్తున్నాయి."